కౌబాయ్ సినిమాల్లో అంత ఏముంది? ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: మీ మామగారికి పాత వెస్టర్న్ సినిమాలంటే, అంటే ఈ కౌబాయ్ సినిమాలంటే, ప్రాణం. వచ్చే నెల మీ దగ్గరకొచ్చి కొన్నాళ్లు ఉంటారు. ఆయనతో కూర్చుని చూడాలి కదా అని ముందుగా రెండు సినిమాలు పెట్టుకుని, రెండింట్లోనూ అరగంటకే నిద్రపోయారు. "గుర్రాలు, దుమ్ము, ఎవడూ మాట్లాడడు. వీటిలో ఏం చూసి మురిసిపోతారు? నాలాంటివాళ్లు ఏవి ముందు చూడాలి?"

నిద్రపోయినందుకు సిగ్గుపడక్కర్లేదు. పాతికేళ్లుగా స్నేహితులతో కలిసి ఓ చిన్న ఫిలిం క్లబ్ నడుపుతున్నాను. మొదట్లో ఉత్సాహం కొద్దీ సెర్జియో లియోనె తీసిన 'వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ది వెస్ట్' (1968) వేశాను. ఎడారి మధ్యలో ఓ రైల్వే స్టేషన్. ముగ్గురు తుపాకీవాళ్లు రైలు కోసం కాపు కాస్తుంటారు. పది నిమిషాలు ఇంకేమీ జరగదు. గాలిమర కిర్రుకిర్రుమంటుంది. ఒకడి గుండు మీద పైనుంచి నీటిచుక్క టప్పుమని పడుతుంది. వాడు పక్కకి జరగడు, టోపీ పెట్టుకుంటాడు, చుక్కలు ఆ టోపీ మీద పడుతుంటాయి. ఇంకొకడి గడ్డం మీద ఈగ వాలుతుంది. వాడు చెయ్యెత్తడు, మూతి వంకర్లు తిప్పుతూ ఊదుతుంటాడు. మూడోవాడు వేళ్లు విరుచుకుంటాడు. మ్యూజిక్ అసలే లేదు. ఐదో నిమిషంలో వెనక వరసలోంచి "సౌండ్! సౌండ్!" అని కేకలు. మా కుర్రాడు పరిగెత్తి ఆంప్లిఫయర్ వైర్లన్నీ పీకి మళ్లీ పెట్టాడు. ఇంటర్వెల్లో సగం మంది వెళ్లిపోయారు. మొదటిసారే ఆ సినిమా వేసిన తప్పు నాదే.

కానీ మీ ప్రశ్నకి జవాబు ఆ ఈగ దగ్గరే ఉంది. ఆ సీన్ చివర్లో రైలు వచ్చి వెళ్లాక జరిగే కాల్పులు కొన్ని సెకన్లు. వాటి కోసం పది నిమిషాల ఎదురుచూపు. వెస్టర్న్ అభిమాని టికెట్ కొనేది ఆ ఎదురుచూపుకే. మన సినిమాల్లో హీరో, విలన్ ఎదురుపడితే ఒకరికొకరు పేజీ డైలాగు చెప్పుకుంటారు, తొడ కొడతారు, ఆ తరవాతే దెబ్బ. నాకూ అదిష్టమే. అక్కడ డైలాగు ఉండాల్సిన చోట నిశ్శబ్దం పెట్టారు. ఎవడి చెయ్యి ఎక్కడుంది, ఎవడు ముందు రెప్ప వేశాడు, ఎవడి నుదుట చెమట పట్టింది, కిటికీ వెనక కర్టెన్ ఎందుకు కదిలింది... మన కళ్లకి పని అక్కడ. ఫోన్ చూస్తూ చూస్తే ఈ సినిమాల్లో ఏమీ ఉండదు. అందుకే నిద్ర వస్తుంది.

నిజం చరిత్రలో ఈ కాల్పులు ఇంకా పొట్టివి. అమెరికాలోని టూంబ్‌స్టోన్ ఊళ్లో ఓకే కొరాల్ అనే గుర్రాల దొడ్డి దగ్గర, పోలీసు ఉద్యోగాల్లో ఉన్న వయట్ అర్ప్ అన్నదమ్ములకీ క్లాంటన్ ముఠాకీ 1881 అక్టోబర్ 26న జరిగిన కాల్పులు మొత్తం అర నిమిషం. ఆ అర నిమిషం మీద హాలీవుడ్ ఎన్ని గంటల సినిమా తీసిందో లెక్క లేదు.

సరే, మొదట 'హై నూన్' (1952) పెట్టండి. 85 నిమిషాలే. అందులో గుర్రాల కంటే గడియారాలు ఎక్కువ కనిపిస్తాయి. గ్యారీ కూపర్ ఓ చిన్న ఊరికి మార్షల్, అంటే మన లెక్కలో పోలీసు అధికారి. ఆ రోజు పొద్దునే పెళ్లయింది, ఉద్యోగం వదిలేసి భార్యతో వెళ్లిపోవాలి. ఇంతలో కబురు: తను జైలుకి పంపిన హంతకుడు విడుదలయ్యాడు, మధ్యాహ్నం పన్నెండు బండికి దిగుతున్నాడు. వాడి మనుషులు ముగ్గురు అప్పటికే స్టేషన్లో కూర్చుని ఉన్నారు. ఇక మార్షల్ ఇల్లిల్లూ తిరుగుతాడు, తోడు రమ్మని. సినిమాలో గంట గడిస్తే మనకీ దాదాపు గంటే గడుస్తుంది.

అందులో ఓ చిన్న సీన్ ఉంది, మనకి ఎవరూ వివరించక్కర్లేదు. మార్షల్ ఓ స్నేహితుడి గుమ్మం తొక్కుతాడు. ఆయన కిటికీలోంచి చూసి లోపలికి తప్పుకుని, "లేనని చెప్పు" అని భార్యని పంపుతాడు. ఆవిడ తలుపు తీసి, చర్చికి వెళ్లారండీ అంటుంది. మార్షల్‌కి అబద్ధమని తెలుసు. తెలుసని ఆవిడకీ తెలుసు. తలుపు మూసుకుంటుంది. ఒక్క తుపాకీ పేలదు, కానీ సినిమా మొత్తంలో అతనికి తగిలిన మొదటి గాయం అదే అనిపిస్తుంది నాకు. అప్పు అడగడానికి వెళ్లినవాడికీ, సాక్ష్యం చెప్పమని బతిమాలినవాడికీ ఆ గుమ్మం తెలుసు. తరవాత చర్చిలో ఊరంతా కూడి చర్చిస్తారు. అచ్చం మన రచ్చబండే. ఊరిపెద్ద లేచి మార్షల్ ఎంత మంచివాడో రెండు నిమిషాలు పొగిడి, చివర్లో "నువ్వు వెళ్లిపోతేనే అందరికీ మంచిది" అంటాడు.

ఆ కథ రాసిన కార్ల్ ఫోర్‌మన్‌కి అది ఊహ కాదు. కమ్యూనిస్టుల వేట జరుగుతున్న రోజులు. 1951లో, ఈ సినిమా పనిలో ఉండగానే, ఆయన్ని అమెరికన్ కాంగ్రెస్ కమిటీ ముందుకి పిలిచారు. తోటి కమ్యూనిస్టుల పేర్లు చెప్పనన్నాడు. హాలీవుడ్ తలుపులు మూసుకున్నాయి. ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఆయన పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. స్టేషన్లో కూర్చున్న ముగ్గురిలో మౌత్ ఆర్గాన్ వాయించే సన్నటి మొహంవాడినీ గుర్తుపెట్టుకోండి. అతను లీ వాన్ క్లీఫ్. ఆ సినిమాలో ఒక్క మాట మాట్లాడడు. ఇప్పుడు లియోనె తన రైల్వే స్టేషన్లో ముగ్గురిని ఎందుకు కూర్చోబెట్టాడో తెలిసింది కదా. అభిమానుల సంబరం సగం ఇలాంటిదే. ఒక సినిమా ఇంకో సినిమాతో మాట్లాడుతుంటుంది. ఆ మాటలు వినబడటం మొదలైతే నిద్ర రాదు.

పోట్లాడుతుంటుంది కూడా. 'హై నూన్' చూసి దర్శకుడు హోవార్డ్ హాక్స్‌కి, హీరో జాన్ వేన్‌కి ఒళ్లు మండింది. పని తెలిసిన షెరీఫ్ (ఇదీ మార్షల్ లాంటి పోలీసు ఉద్యోగమే) ఎవడైనా ఊరంతా తిరిగి సాయం దేబిరిస్తాడా అని హాక్స్ వాదన. వేన్ అయితే అది అమెరికాకే వ్యతిరేకమైన సినిమా అన్నాడు. ఇద్దరూ కలిసి జవాబుగా 'రియో బ్రావో' (1959) తీశారు. ఇందులో షెరీఫ్‌ని ఎవరూ వదిలిపోరు. వద్దన్నా వస్తారు. వచ్చేవాళ్లు ఎవరయ్యా అంటే ఓ తాగుబోతు, ఓ కుంటి ముసలాయన, ఓ కుర్రాడు.

తాగుబోతుగా డీన్ మార్టిన్. మొదటి నిమిషాల్లో డైలాగు లేదు. చేతిలో కానీ లేదు, గొంతు ఆరిపోతోంది. ఒకడు వెటకారంగా నవ్వి వెండి డాలరు తీసి ఉమ్మి తొట్టిలో పారేస్తాడు. ఇతను దాని కోసం మోకాళ్ల మీద వంగుతాడు. చెయ్యి పెట్టబోయేలోగా షెరీఫ్ బూటు వచ్చి ఆ తొట్టిని తన్నేస్తుంది. మనిషి ఎంత దిగజారాడో, ఎవరికి అతని మీద ఇంకా ఆశ ఉందో మాట లేకుండా చెప్పేశాడు హాక్స్. తరవాత చాలాసేపటికి ఇంకో సీన్. చేతులు వణుకుతున్నాయి, ఇక నావల్ల కాదని గ్లాసులో మందు పోసుకుంటాడు. బయట విలన్ మనుషులు భయపెట్టడానికి ఓ మెక్సికన్ పాట వాయిస్తుంటారు, చావు పాట. అది విని కాసేపు ఆగి, గ్లాసులోది మళ్లీ సీసాలోకి వంపేస్తాడు. ఒక్క చుక్క కింద పడదు. మా క్లబ్బులో ఆ సీన్‌కి ఎప్పుడూ చప్పట్లు పడతాయి. బాంబులకి కూడా పడవు అలా.

'రియో బ్రావో' గొప్పదా, 'హై నూన్' గొప్పదా? అభిమానుల్ని రెండు ముఠాలుగా చీల్చే ప్రశ్న ఇది. నా ఓటు సినిమాగా 'రియో బ్రావో'కి, నిజంగా 'హై నూన్'కి. అంటే, నాకు కష్టం వస్తే ఆ ముసలాయనా ఆ కుర్రాడూ రావాలని ఉంటుంది. వచ్చేది మాత్రం "లేనని చెప్పు" అనేవాడే.

'షేన్' (1953) మీ మామగారికి తప్పకుండా నచ్చి ఉంటుంది, ముఖ్యంగా వ్యవసాయ కుటుంబం అయితే. 1862లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి, వెళ్లి సాగు చేసుకున్నవాడికి 160 ఎకరాలు ఇచ్చింది. ఆ ఆశతో వచ్చిన చిన్న రైతులకీ, వేల పశువుల్ని బయళ్లలో మేపుకునే పెద్ద ఆసాములకీ పడలేదు. కంచె వేసినవాడికీ, కంచె అడ్డమైనవాడికీ గొడవ. మనకి తెలియని గొడవా? షేన్ అనే కొత్త మనిషి ఓ రైతు ఇంటికి వచ్చి పనికి కుదురుతాడు. తుపాకీ కాల్చి బతికిన మనిషి, అది మానుకుని బతకాలని చూస్తున్నాడు. ఇంటిముందు ఓ చెట్టు మోడు ఉంటుంది, రైతు ఎప్పట్నుంచో పీకలేకపోతున్నాడు. ఒక సాయంత్రం ఇద్దరూ గొడ్డళ్లు పట్టి, మాటామంతీ లేకుండా, చెమటలు కారుతూ దాన్ని పెకలిస్తారు. గుర్రాల్ని కట్టి లాగుదాం అని భార్య అంటే రైతు వద్దంటాడు. స్నేహం కుదిరిందని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి.

ఈ సినిమాలో తుపాకీ మోత కావాలనే ఫిరంగిలా పెట్టారు. దర్శకుడు జార్జ్ స్టీవెన్స్ రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంతో వెళ్లి, నాజీల డాఖౌ నిర్బంధ శిబిరాన్ని కెమెరాతో చిత్రించి వచ్చినవాడు. మనిషిని కాలిస్తే ఏమవుతుందో ప్రేక్షకుడికి తెలియాలనుకున్నాడు. బురద వీధిలో ఓ అమాయకుణ్ణి కాలిస్తే, నడుముకి కట్టిన తీగతో నటుణ్ణి వెనక్కి లాగి పడేశారు. అంతకుముందు సినిమాల్లో దెబ్బ తగిలినవాడు పొట్ట పట్టుకుని మెల్లగా ఒరిగేవాడు. ఇక చివర్లో షేన్ గుర్రమెక్కి కొండల్లోకి వెళ్లిపోతుంటే పిల్లవాడు వెనకనుంచి పిలుస్తూనే ఉంటాడు. దెబ్బ తగిలింది. జీను మీద కాస్త వాలినట్టున్నాడు. సమాధుల పక్కనుంచి వెళుతున్నాడు. బతికున్నాడా, పోయాడా? డెబ్భై ఏళ్లు దాటినా తెగలేదు.

మూడు సినిమాలయ్యాక 'ది సెర్చర్స్' (1956) చూడండి, ముందు చూడొద్దు. జాన్ ఫోర్డ్ దర్శకుడు, జాన్ వేన్ హీరో. హీరో అనాలంటే నోరు రాదు. యుద్ధం నుంచి అన్నదమ్ముడి ఇంటికి వస్తాడు. కొద్ది రోజులకే అమెరికా మూలవాసులైన కమాంచీ తెగవాళ్లు దాడి చేసి ఇంటిల్లిపాదినీ చంపి, చిన్నపిల్లని ఎత్తుకుపోతారు. ఏళ్ల తరబడి వెతుకుతాడు. ఆ తెగ మీద అతని ద్వేషం ఎంతటిదంటే, పిల్ల దొరికితే ఇంటికి తెస్తాడా, చంపేస్తాడా అన్నది మనకి టెన్షన్.

ఇందులో మీ మామగారు మీకు మోచేత్తో పొడిచి చూపించబోయే సీన్ ఒకటుంది. ప్రయాణానికి ముందు ఆ ఇంటి ఇల్లాలు లోపలికి వెళ్లి వేన్ కోటు తీస్తుంది. ఇచ్చేముందు ఆ కోటుని చేత్తో నెమ్మదిగా నిమురుతుంది, మనిషిని నిమిరినట్టు. ముందు గదిలో కాఫీ తాగుతున్న ఓ పెద్దమనిషి కంట్లో అది పడుతుంది. వెంటనే చూపు తిప్పుకుని గోడకేసి చూస్తూ కాఫీ తాగుతాడు. అంతే. భర్త తమ్ముడో అన్నో అయిన మనిషి మీద ఆవిడకి, ఆవిడ మీద అతనికి ఏముందో సినిమా మొత్తంలో ఒక్క మాట ఉండదు. అతను అన్నేళ్లు ఎందుకు వెతికాడో ఆ కోటుకి తెలుసు. మన పాత కథల్లో పెద్దవాళ్లు "చూసీ చూడనట్టు" ఉంటారే, ఆ కాఫీ తాగే మనిషి మొహంలో అదే.

ఒక చేదు నిజం చెప్పకుండా ముందుకెళ్లడం నాకిష్టం లేదు. ఈ సినిమాల్లో చాలావాటిలో అమెరికా మూలవాసులు మనుషుల్లా కనిపించరు. కొండ మీద వరసగా నిలబడే గుర్రాలు, ఓ కేక, బాణాలు. 'సెర్చర్స్'లో కమాంచీ నాయకుడి వేషం వేసింది బెర్లిన్లో పుట్టిన హెన్రీ బ్రాండన్. ఫోర్డ్‌కి అంత పేరు తెచ్చిన ఆ ఎర్ర రాళ్ల గోపురాలు, మాన్యుమెంట్ వ్యాలీ, అరిజోనా, యూటా సరిహద్దులో నవహో జాతి నేల. వాళ్ల నేల మీదే, వాళ్ల చేతే వేరే తెగల వేషాలు వేయించి కాల్చారు. నేను వీటిని చూడటం మానలేదు. కానీ పిల్లలతో చూస్తే రిమోట్ పక్కన పెట్టి ఈ మాట చెప్పాకే మొదలుపెడతాను.

'స్టేజ్‌కోచ్' (1939) గురించి ఎక్కువ రాయను. వేన్‌ని స్టార్ చేసిన సినిమా, దర్శకుడు ఆర్సన్ వెల్స్ తన మొదటి సినిమాకి ముందు పదే పదే వేసుకుని పాఠంలా చదివిన సినిమా. వేన్ మొదటిసారి కనిపించినప్పుడు కెమెరా అతని మొహం మీదకి దూసుకొస్తూ ఓ క్షణం మసకబారుతుంది. మీ హీరో ఎంట్రీలన్నిటికీ ముత్తాత.

ఇప్పుడు లియోనె దగ్గరకి రావచ్చు. ఇటలీవాడు, అమెరికన్ పశ్చిమాన్ని స్పెయిన్‌లో తీశాడు. మొదటిది 'ఎ ఫిస్ట్‌ఫుల్ ఆఫ్ డాలర్స్' (1964), జపాన్ దర్శకుడు కురొసావా తీసిన 'యొజింబొ' (1961)ని చెప్పకుండా ఎత్తేసింది. జపాన్ కంపెనీ కోర్టుకెళ్తే డబ్బు కట్టాల్సొచ్చింది. తమాషా ఏమిటంటే కురొసావా స్వయంగా జాన్ ఫోర్డ్ అభిమాని. అమెరికా సరుకు జపాన్ వెళ్లి, ఇటలీ మీదుగా అమెరికాకే తిరిగొచ్చింది. అందాకా హాలీవుడ్ హీరో గడ్డం గీసుకుని శుభ్రంగా ఉండేవాడు. లియోనె హీరో క్లింట్ ఈస్ట్‌వుడ్ మాసిన గడ్డంతో, చుట్ట నములుతూ, డబ్బు కోసం ఎటైనా తిరుగుతాడు. ఇంకో విశేషం, వీళ్లెవరికీ అమ్మ ఉండదు. తెలుగు ప్రేక్షకుడికి అది జీర్ణం కావడానికి కొంత టైమ్ పడుతుంది.

'ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ' (1966)లో 'బ్యాడ్' ఎవరో ఊహించారా? 'హై నూన్' స్టేషన్లో నోరెత్తని లీ వాన్ క్లీఫే. చివర్లో గుండ్రటి శ్మశానం మధ్యలో ముగ్గురు నిలబడే సీన్ కోసం స్పెయిన్ సైనికులు బూర్గోస్ దగ్గర వేల ఉత్తుత్తి సమాధులు తవ్వి పెట్టారు. మొదట దూరం నుంచి ముగ్గురూ చీమల్లా కనిపిస్తారు. తరవాత మొహాలు, తరవాత చేతులు, తరవాత ఉత్త కళ్లు. షాట్లు చిన్నవవుతుంటాయి, ఎన్నియో మొరికొనె సంగీతం పెద్దదవుతుంటుంది. ఎవరూ ఒక్క అడుగు ముందుకి వెయ్యకుండానే గుండె దడదడలాడుతుంది. ఆ శ్మశానం సినిమా అయ్యాక మట్టి కప్పుకుపోతే, 2015 నుంచి అభిమానులు పారలు పట్టుకెళ్లి మళ్లీ తవ్వి బాగుచేశారు. పిచ్చి అంటే అదీ.

చూసేటప్పుడు పెదాలకీ మాటకీ పొంతన కుదరక విసుగొస్తుంది. ఫైలు పాడైందనుకోకండి. లియోనె సెట్లో ఎవరి భాషలో వాళ్లు మాట్లాడేవారు, గొంతులన్నీ తరవాత పెట్టారు. ఈ సినిమా నిడివి ఒకచోట రెండు గంటల నలభై నిమిషాలు, ఇంకోచోట దాదాపు మూడు గంటలు ఉంటుంది. మొదటిసారికి పొట్టిది చాలు. పెద్దదానిలో తిరిగి చేర్చిన సీన్లకి ఈస్ట్‌వుడ్, 'అగ్లీ'గా వేసిన ఎలై వాలక్ ముసలి వయసులో మళ్లీ డబ్బింగ్ చెప్పారు. వాన్ క్లీఫ్ అప్పటికే చనిపోయాడు, ఆయన గొంతు వేరేవాళ్లది. చెవి పెడితే తేడా దొరుకుతుంది.

మీ మామగారి వయసు చెప్పలేదు. అరవై దాటి ఉంటే ఆయనకి ఈ పిచ్చి అంటించింది పైవేవీ కాకపోవచ్చు, 'మెకన్నాస్ గోల్డ్' (1969) కావచ్చు. అమెరికాలో సరిగా ఆడలేదు. మన దేశంలో మాత్రం ఏళ్ల తరబడి తిప్పి తిప్పి ఆడించారు. మా ఊళ్లో మార్నింగ్ షోకి నేలటిక్కెట్టులో చూశాను. ఇంగ్లీషు ముక్క అర్థం కాలేదు. సూర్యోదయానికి రాతి స్తంభం నీడ సాగి సాగి కొండ మీద దారి చూపిస్తుంటే హాలంతా ఈలలు. ఆ హాలువాళ్లు రీళ్లు తారుమారుగా ఎక్కించి, చచ్చినవాణ్ణి మళ్లీ బతికించారు కూడా, ఎవరూ పట్టించుకోలేదు. ఆ సినిమా రాసింది ఎవరు? 'హై నూన్' కార్ల్ ఫోర్‌మనే. స్నేహితులు వదిలేసిన మార్షల్ కథ రాసిన మనిషే, బంగారం కోసం ఒకర్నొకరు వదిలేసుకునే గుంపు కథా రాశాడు.

ఆ గాలి మద్రాసు దాకా వచ్చి 1971లో 'మోసగాళ్లకు మోసగాడు' అయింది. కృష్ణ హీరో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, రాసింది ఆరుద్ర. రాజస్థాన్ ఎడారి, గుర్రాలు, నిధి వేట. పాటలూ ఉన్నాయి, పగా ఉంది. లియోనె మౌనం తెలుగు నేల మీద కుదరదని ఆరుద్రకి తెలుసు, అందుకే మాటలు పెట్టాడు. ఇంగ్లీషులోకి డబ్ చేసి విదేశాలకీ పంపారు. లియోనె సినిమా చూసిన మర్నాడే దీన్ని చూడండి, ఏది తీసుకున్నారో, ఏది వదిలేశారో ఒక్కొక్కటే కనిపెట్టడం మంచి ఆట. చిరంజీవి 'కొదమ సింహం' (1990), మహేష్ బాబు 'టక్కరి దొంగ' (2002) కూడా ఆ దారివే. నాకు కృష్ణదే ఇష్టం, ఇందులో వాదన వద్దు.

రాత్రి భోజనం అయ్యాక కాకుండా సాయంత్రం కూర్చోండి. పెద్ద టీవీ, లైట్లు ఆర్పి, ఫోన్లు పక్క గదిలో. ఈ సినిమాల్లో మనిషి కంటే ఆకాశం పెద్దది, ఫోన్ స్క్రీన్ మీద ఆ ఆకాశం పట్టదు. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, కౌబాయ్ యాస చాలామందికి అందదు. రోజుకొకటి చాలు. 'వన్స్ అపాన్ ఎ టైమ్'ని చివరికి ఉంచండి. అప్పటికి ఈగ మీద మీ చూపు నిలుస్తుంది. నిలవకపోతే చెప్పండి, వేరే దారి ఆలోచిద్దాం.

ఆయన వచ్చిన మొదటి రాత్రి టీవీ అసలు పెట్టకపోయినా ఫరవాలేదు. కాఫీ చేతికిచ్చి, షేన్ చివర్లో బతికే ఉన్నాడంటారా మామయ్యగారూ అని అడిగి చూడండి.